సున్నం కుల్హియా, ఎలుక కణాలు, ఒక ప్రొఫెసర్ మకాలాల ఫెహ్రిస్త్

మా దాదీమా పాన్‌దాన్ ఇత్తడిది. మూత తీస్తే పైన ఒక పళ్లెం, దాని కింద చిన్న చిన్న గిన్నెలు. సుపారీ, సోంపు, లవంగం, ఇలాయచీ మేం ఎప్పుడు తీసుకున్నా చూసీ చూడనట్టు ఊరుకునేది. రెండు కుల్హియాలను మాత్రం ముట్టనిచ్చేది కాదు. ఒకటి కత్థాది, బట్టలకు మరకవుతుందని. రెండోది చునాది. దాని దగ్గరికి చెయ్యి పోయిందంటే చాలు, "అరే, ఆంఖ్ జాతీ రహేగీ!" అని కేక పెట్టేది. పాన్ వేసుకుంటే నోరు ఎర్రబడుతుంది గాని కన్నెట్లా పోతుందో ఆ వయసులో మాకు అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు పాన్‌దాన్లు అల్మారాలెక్కాయి. చునా ప్లాస్టిక్ ప్యాకెట్లలో, ట్యూబుల్లో వస్తోంది. పిల్లల చేతికి దొరికితే నొక్కుతారు, పళ్లతో కొరుకుతారు. అది చిమ్మి తిన్నగా కంట్లో పడుతుంది. మన దేశపు కంటి డాక్టర్లు ఈ ప్యాకెట్ల మీద ప్రత్యేకంగా మకాలాలు రాశారంటే ఎంతమంది పసివాళ్లు ఇట్లా దవాఖానాలకు వచ్చి ఉంటారో మీరే ఊహించండి. ఇంటికి సున్నం వేసే కూలీలు, గోడలకు పని చేసే మేస్త్రీలు, ఫ్యాక్టరీల్లో యాసిడ్ మోసేవాళ్లు, ఎవరి పగకో బలై యాసిడ్ దాడికి గురైన ఆడపిల్లలు కూడా ఈ ఖాతాలోనే ఉన్నారు.

యాసిడ్ కన్నా సున్నం ఎందుకు ఖతర్నాక్ అంటే, యాసిడ్ పడితే కంటి పైపొరలోని ప్రొటీన్ గడ్డకట్టి కొంతవరకు తనే అడ్డుగోడ అవుతుంది. క్షారానికి ఆ అడ్డు ఉండదు. పొరలను కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. మంట తగ్గినా, ఎరుపు తగ్గినా కథ అక్కడితో ఆగదు. కొన్ని వారాలకు, నెలలకు నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్ముకుంటుంది, దాని మీదికి ఎర్రటి నరాల జాలం పాకుతుంది. పాతకాలం నుంచి నిన్న మొన్నటి దాకా ఈ దశకు వచ్చిన కంటికి ఇలాజ్ లేదనే చెప్పేవారు.

ఇప్పుడు ఇలాజ్ ఉంది. దాని తారీఖ్ వెతుక్కుంటూ వెనక్కి పోతే చివరికి ఒక మనిషి దగ్గర తేలతాం. ఆయన కంటి డాక్టర్ కాదు. కంటి జబ్బుల మీద పని చేద్దామని మొదలుపెట్టినవాడూ కాదు. పేరు హోవార్డ్ గ్రీన్. 1925లో కెనడాలోని టొరంటోలో పుట్టి, అక్కడే డాక్టరీ చదివి, ఆపైన అమెరికాలో కణజీవశాస్త్రంలో దాదాపు ఉమర్ అంతా గడిపాడు. ఈ మధ్య నేను ఆయన మకాలాల ఫెహ్రిస్త్ ముందేసుకుని కూర్చున్నాను. పరిశోధకుడి ప్రచురణల జాబితా అంటే నౌకరీ దరఖాస్తుకు జతచేసే కాగితమని చాలామంది అనుకుంటారు. ఎన్ని మకాలాలు అని లెక్కపెట్టి పక్కన పెట్టేస్తారు. ఈయన ఫెహ్రిస్త్‌ను మాత్రం ఒక కిస్సా లాగా చదవొచ్చు. ఎందుకంటే ఇందులో ఒక మకాలాలో దొరికిన వస్తువు పన్నెండేళ్ల తర్వాతి మకాలాలో పనికొస్తుంది. ఒక షాగిర్ద్ పక్కన పెట్టిన సవాలును ఇంకో దేశంలో ఇంకొకరు ఎత్తుకుంటారు.

కిస్సాలోకి పోయేముందు కంటి సంగతి రెండు ముక్కలు చెప్పుకుందాం. నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలాగా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. ఉర్దూలో మనం ఖర్నియా అంటాం. అరబీలో ఖర్న్ అంటే కొమ్ము. పలచగా చెక్కిన కొమ్ములోంచి వెలుగు కనబడినట్టు కనబడుతుందని గ్రీకులు ఆ పేరు పెట్టారు, అరబ్బు హకీములు దాన్ని తర్జుమా చేసుకున్నారు, యూరప్ వాళ్లు లాటిన్‌లో మళ్లీ కొమ్ము మాటతోనే కార్నియా అన్నారు. తమాషా ఏమిటంటే మన చర్మం, గోళ్లు, వెంట్రుకల్లో ఉండే ప్రొటీన్‌కు పెట్టిన కెరాటిన్ అనే పేరు కూడా గ్రీకులో కొమ్ము అనే మాట నుంచే వచ్చింది. చర్మానికీ కార్నియాకూ ఉన్న చుట్టరికం పేర్లలో ముందే ఉంది. కణాల్లోనూ ఉందని తేల్చడానికి గ్రీన్ ప్రయోగశాల కావాల్సి వచ్చింది.

కార్నియా మీదికి నరాలు పాకే జబ్బు మన పాత కహ్హాల్‌లకు తెలియనిది కాదు. పదకొండో శతాబ్దంలో బగ్దాద్ కంటి వైద్యుడు అలీ ఇబ్న్ ఈసా రాసిన తజ్‌కిరతుల్ కహ్హాలీన్‌లో 'సబల్' అనే జబ్బు ఉంది. కంటి మీద నరాల ముసుగు పడటమే అది. ఆ కాలపు జర్రాహ్‌లు దాన్ని సన్నటి కొక్కేలతో పైకెత్తి కత్తెరతో కోసేవారు. వాళ్లు చూసినవాటిలో ఎక్కువ భాగం 'జరబ్', అంటే ఇప్పుడు మనం ట్రకోమా అంటున్న జబ్బు వల్ల వచ్చినవై ఉంటాయి, సున్నం కాల్పుల వల్ల కాదు. కాబట్టి మనవాళ్లు అప్పుడే అన్నీ కనిపెట్టేశారని నేను అనను. అట్లా అనే పోస్టులు వాట్సాప్‌లో బోలెడు తిరుగుతున్నాయి, చాలు. సబల్‌ను కోసి తీయడం వాళ్లకు తెలుసు. తీసిన చోట మళ్లీ రాకుండా కార్నియాను ఎవరు కాపలా కాస్తారు అన్నది వాళ్లకే కాదు, ఆ తర్వాత దాదాపు వెయ్యేళ్లు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు గ్రీన్ ఫెహ్రిస్త్.

1963లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఉండగా జార్జ్ టొడారో అనే యువకుడితో కలిసి ఒక మకాలా ప్రచురించాడు. ఎలుక పిండం నుంచి తీసిన కణాలను గాజు గిన్నెల్లో పెంచడం దాని విషయం. ప్రతి మూడు రోజులకు ఒకసారి, గిన్నెకు మూడు లక్షల కణాల చొప్పున కొత్త గిన్నెల్లోకి మార్చుతూ పోయారు. ఆ లెక్క పేరుతోనే ఆ కణాల సంతతికి 3టీ3 అని పేరు పెట్టారు. మామూలు కణాలు కొన్ని తరాలు పెరిగి అలిసిపోతాయి, ఇవి అలిసిపోలేదు. కానీ క్యాన్సర్ కణాల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి పెరగలేదు. గిన్నె అడుగు నిండగానే బుద్ధిగా ఆగిపోయేవి. క్యాన్సర్ మీద తహ్‌ఖీఖ్ చేసేవాళ్లకు ఇది పెద్ద ఇనాం. మామూలు కణం ఎక్కడ ఆగుతుందో తెలిస్తేనే కదా, క్యాన్సర్ కణం ఆగకపోవడం కనబడేది.

1967లో మేరీ వైస్‌తో కలిసి మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ ఒకటిగా కలిపిన మకాలా వచ్చింది. అట్లా కలిసిన కణాలు తరాలు గడిచేకొద్దీ మనిషి క్రోమోజోములను ఒక్కొక్కటిగా పారేసుకుంటాయి. ఏ క్రోమోజోము పోయినప్పుడు ఏ గుణం పోయిందో చూస్తే, ఫలానా జన్యువు ఫలానా క్రోమోజోము మీద ఉందని చెప్పొచ్చు. జన్యువుల నక్షా గీయడం ఈ దారిలో చాలా దూరం నడిచింది. 1970లో గ్రీన్ ఎంఐటీకి మారాడు. అక్కడ అదే 3టీ3 కణాల సంతతుల్లో కొన్ని కొవ్వు కణాలుగా మారడం చూశాడు. ఆ 3టీ3-ఎల్1 కణాలు ఇవాళ్టికీ షుగర్ జబ్బు, ఇన్సులిన్ మీద పని చేసే ప్రయోగశాలల్లో దునియా అంతటా వాడుకలో ఉన్నాయి. ఒక్క మనిషికి ఇవే చాలు. కంటి వరకు మనం ఇంకా రానేలేదు.

1975. గ్రీన్ దగ్గర జేమ్స్ రైన్‌వాల్డ్ అనే షాగిర్ద్ పీహెచ్‌డీ చేస్తున్నాడు. చేతిలో ఉన్న పని ఎలుకల్లో వచ్చే టెరటోమా అనే గడ్డ. ఇది విచిత్రమైన గడ్డ. దీంట్లో చర్మం, వెంట్రుక, ఎముక, అన్నీ కలగాపులగంగా పెరుగుతాయి. దాని కణాలను గిన్నెలో పెంచుతుంటే ఒక మూల వేరే రకం కణాలు గుంపులు కట్టి, ఒకదాని మీద ఒకటి పొరలు వేసుకుంటూ కనబడ్డాయి. పరీక్షిస్తే అవి కెరాటిన్ తయారుచేసే చర్మపు పైపొర కణాలు, కెరాటినోసైట్లు. చర్మ కణాలను గిన్నెలో తరాల తరబడి పెంచడం అప్పటిదాకా ఎవరికీ సరిగా చేతకాలేదు. చర్మం ముక్కలో ఉండే ఫైబ్రోబ్లాస్టులు ముందు పెరిగి వీటిని తొక్కేసేవి. ఇక్కడ మాత్రం ఇవి హాయిగా పెరుగుతున్నాయి, అదీ పక్కన 3టీ3 కణాలుంటేనే.

ఉస్తాదూ షాగిర్దూ తమ అసలు పని పక్కన పెట్టి దీని వెంటపడ్డారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది. గడ్డ మీద పని చేయమని ఇచ్చిన డబ్బుతో గడ్డ పనే చేసి, రిపోర్టు రాసి పంపి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వీళ్లు 3టీ3 కణాలకు ఇక పెరగకుండా రేడియేషన్ ఇచ్చి, చావకుండా అట్లాగే ఉంచి, గిన్నె అడుగున పరిచారు. పాలిచ్చే దాయి లాగా అవి పోషణ ఇస్తాయి, తాము మాత్రం పెరగవు. వాటి మీద మనిషి చర్మ కణాలు చల్లారు. ఒక్కొక్క కణం నుంచి ఒక్కొక్క కుటుంబం లేచింది. ఆ మనిషి చర్మం ఎక్కడిదో తెలుసా? పుట్టిన మగపిల్లలకు అమెరికా ఆసుపత్రుల్లో సున్తీ చేసినప్పుడు తీసిన ముక్కలు. మన ఇళ్లల్లో బుజుర్గులు మట్టిలో పాతిపెట్టించే ఆ చిన్న తోలు ముక్కే అక్కడ గిన్నెలో పడి ఒక కొత్త ఇల్మ్‌కు విత్తనమయింది.

ఆ ఏడాది 'సెల్' పత్రికలో దీని మీద మకాలాలు అచ్చయ్యాయి. 1979లో ఈ పొరను గిన్నె అడుగు నుంచి చిరగకుండా ఒక ఎంజైముతో విడదీసి, అతికించడానికి పనికొచ్చే ముక్కగా తీసే పద్ధతి రాశారు. 1980లో గ్రీన్ హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కు వెళ్లాడు. 1981లో కాలిన రోగులకు వాళ్ల చర్మ కణాలతోనే పెంచిన పొరలను అతికించిన కబురు 'లాన్సెట్'లో వచ్చింది. 1983లో అసలైన ఇమ్తిహాన్ ఎదురయింది. ఒళ్లు తొంభై అయిదు శాతానికి పైగా కాలిన ఇద్దరు చిన్న పిల్లలను బోస్టన్‌లోని కాలిన గాయాల ఆసుపత్రికి తీసుకొచ్చారు. అతికించడానికి మంచి చర్మం ఒంటి మీద లేదు. కాలకుండా మిగిలిన చోట నుంచి తీసిన చిన్న ముక్కలతో కణాలను గిన్నెల్లో పెంచి, పొరలు పొరలుగా ఆ ఒళ్లంతా కప్పారు. ఇద్దరూ బతికారు. 1984లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఆ వివరాలు వచ్చాయి. 3టీ3 అని ఒక లెక్క పేరు పెట్టి ఇరవయ్యేళ్లయింది అప్పటికి.

మధ్యలో 1977 ఉంది. ఫెహ్రిస్త్‌లో మనం వెతుకుతున్న మకాలా అదే, కానీ చూపు జారిపోయేలా ఉంటుంది. టుంగ్-టియెన్ సున్ అనే శాస్త్రవేత్తతో కలిసి గ్రీన్ 'నేచర్'లో రాశాడు. చర్మం, కార్నియా, కంటి తెల్లగుడ్డు పొర, ఈ మూడు చోట్ల కణాలను ఒకే పద్ధతిలో పెంచి పోల్చారు. మూడూ ఒకే బిరాదరీ అన్నట్టు ప్రవర్తించాయి, వాటి స్వభావాల్లో పెద్ద తేడా ఏమీ కనబడలేదు. అంటే చర్మానికి పనిచేసిన పద్ధతి కార్నియాకూ పనిచేస్తుంది. గ్రీన్ చర్మం దారిలో వెళ్లిపోయాడు. కంటి సవాల్ సున్ చేతిలో ఉండిపోయింది.

సవాల్ ఇది. కార్నియా పైపొర రోజూ రాలిపోతుంది, రోజూ కొత్తది వస్తుంది. ఆ కొత్తది ఎక్కడి నుంచి వస్తోంది? అడుగున అంతటా మూలకణాలు ఉంటాయని అనుకునేవారు. 1971లోనే ఇద్దరు నార్వే వాళ్లు, డవాంగర్, ఎవెన్సెన్, 'నేచర్'లో ఒక చిన్న మకాలాలో వేరే మాట చెప్పారు. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే సరిహద్దు గీతను లింబస్ అంటారు. రంగు ఎక్కువున్న కళ్లలో ఆ గీత దగ్గరి రంగు కణాలు నెమ్మదిగా మధ్యలోకి నడుస్తున్నట్టు వాళ్లు గమనించారు. అంటే కొత్త కణాలు ఆ అంచు నుంచే వస్తున్నాయి. ఆ మాట కొన్నేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1986లో సున్, న్యూయార్క్‌లో తన సొంత ప్రయోగశాలలో షెర్మర్, గాల్విన్‌లతో కలిసి దీనికి సుబూత్ తెచ్చాడు. కార్నియా కణం ముదిరినప్పుడు తయారుచేసే ఒక కెరాటిన్ ఉంది, కె3 అంటారు. అది కార్నియా అంతటా అడుగు నుంచి పై దాకా ఉంది. లింబస్‌లో మాత్రం అట్టడుగు వరుసలో లేదు. ఒక్క ఆ వరుసే ఇంకా పసితనంలో ఉందన్నమాట. 1989లో సున్, లావ్కర్, కొట్సారెలిస్ బృందం లింబస్ అడుగు వరుసలోని కణాలు చాలా నెమ్మదిగా విభజన చెందుతాయని, గాయమైతే మేలుకుంటాయని చూపించింది. మూలకణాల అసలు లక్షణం అదే. అవి దాచిన సొత్తు లాంటివి, రోజువారీ ఖర్చుకు తీయరు.

ఇప్పుడు దాదీమా మాటకు అర్థం తెలిసింది కదా. సున్నం కార్నియాను కాల్చితే ఆ పొర మళ్లీ వస్తుంది. లింబస్ చుట్టూ కాల్చేస్తే ఇక రాదు. సరిహద్దు కాపలా పోయింది కాబట్టి తెల్లగుడ్డు వైపు నుంచి పొర, నరాలు అన్నీ లోపలికి దూరతాయి. అలాంటి కంటికి నేత్రదానంలో వచ్చిన కార్నియాను అతికించినా ఎందుకు నిలవదో కూడా ఇక్కడే తెలుస్తుంది. దాత ఇచ్చిన కార్నియా పైపొర కొన్నాళ్లకు రాలిపోతుంది, దాన్ని భర్తీ చేయాల్సిన లింబస్ మరీజ్ కంట్లో లేదు. ఎంతమంది కుటుంబాలు ఒకటి రెండు సార్లు ఆపరేషన్ చేయించి, నసీబ్ అని కూర్చున్నారో!

అదే 1989లో బోస్టన్‌లో కెన్నెత్ కెన్యన్, షెఫర్ సెంగ్ ఇరవయ్యారు కేసుల మీద ఒక దారి చూపించారు. ఒక కన్నే కాలినవాళ్లకు, బాగున్న రెండో కంటి లింబస్ నుంచి పెద్ద ముక్కలు కోసి కాలిన కంటికి అతికించడం. పనిచేసింది. కానీ మంచి కన్ను నుంచి అంత పెద్ద ముక్క తీయాలంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. ఉన్న ఒక్క కన్నుకు ఏమైనా అయితే?

ఇక్కడ మళ్లీ గ్రీన్ ఫెహ్రిస్త్ తెరవాలి. 1987లో యాన్ బారాండోన్‌తో కలిసి రాసిన మకాలా. గిన్నెలో పెరిగే చర్మ కణాలన్నీ ఒక్క రకం కాదు. కొన్ని ఒంటరిగా వదిలితే పెద్ద కుటుంబం కట్టి చాలా తరాలు నడుస్తాయి, వాటిని హోలోక్లోన్లు అన్నారు. కొన్ని కొన్నాళ్లు నడిచి తగ్గుతాయి, కొన్ని కొద్ది తరాల్లోనే ముగిసిపోతాయి. నిలిచేది హోలోక్లోన్. గిన్నెలో ఎన్ని కణాలున్నాయన్నది కాదు, వాటిలో హోలోక్లోన్లు ఎన్ని అన్నదే అసలు లెక్క.

ఈ లెక్కను కంటికి తెచ్చినవాళ్లు ఇటలీ వాళ్లు, గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలే డి లూకా. 1997లో వాళ్లు 'లాన్సెట్'లో ఇద్దరు మరీజుల కథ రాశారు. ఇద్దరికీ క్షారంతో కాలి ఒక కన్ను పోయింది. మంచి కంటి లింబస్ నుంచి ఒక చదరపు మిల్లీమీటరు ముక్క, చీమ తలంత అనుకోండి. గ్రీన్ పద్ధతిలో, ఎలుక 3టీ3 కణాల పరుపు మీద దాన్ని పొరగా పెంచి కాలిన కంటికి అతికించారు. రెండేళ్లు దాటినా నిలిచింది. మంచి కంటికి నష్టం లేదు. టెరటోమా గిన్నెలో ఆ వింత గుంపులు కనబడి అప్పటికి ఇరవై రెండేళ్లు.

2010లో మిలాన్ డాక్టర్ పావోలో రామాతో కలిసి వాళ్లు 112 మంది మరీజుల ఫలితాలు అచ్చువేశారు. వందలో డెబ్బై ఆరుగురికి పైగా కార్నియా పూర్తిగా, స్థిరంగా తిరిగొచ్చింది. దాంట్లో ఒక అంకె గ్రీన్ 1987 మకాలాకు జవాబు లాగా ఉంటుంది. పి63 అనే ప్రొటీన్‌తో బాగా మెరిసే కణాలు, అంటే మూలకణాలు, పెరిగే కణాల్లో మూడు శాతం దాటితే 78 శాతం ఆపరేషన్లు సఫలం. మూడు శాతం, అంతకు తక్కువ ఉంటే 11 శాతమే. 2015 ఫిబ్రవరిలో యూరప్ ఈ ఇలాజ్‌కు హోలోక్లార్ అనే పేరుతో దవాగా మంజూరీ ఇచ్చింది. మూలకణాలతో చేసిన దవాకు యూరప్ ఇచ్చిన మొదటి మంజూరీ అది. పేరులో హోలోక్లోన్ ధ్వని వినబడుతోంది కదా. అదే ఏడాది అక్టోబర్ ఆఖరులో గ్రీన్ చనిపోయాడు, తొంభై ఏళ్ల వయసులో.

అక్కడితో ఆగితే ఇది పరాయి దేశపు కిస్సానే. ఎందుకంటే ఎలుక కణాలు, రేడియేషన్ యంత్రం, మందుల ఫ్యాక్టరీ స్థాయి శుభ్రత ఉన్న ప్రయోగశాల, వారాల పెంపకం, రెండు ఆపరేషన్లు, ఇవన్నీ మన మేస్త్రీకి, మన ఆటో డ్రైవరు పిల్లాడికి ఎవరు ఇప్పిస్తారు? ఈ సవాల్ మన హైదరాబాద్‌లోనే ఒక జవాబు దొరికించుకుంది.

బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిని 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదలుపెట్టారు. మన ఇళ్లల్లో ఎవరో ఒకరు అక్కడ చూపించుకోకుండా ఉండరు. 2001 నుంచి అక్కడ డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, కణాల పెంపకం చూసిన డాక్టర్ గీతా వేముగంటి ఎలుక కణాల పరుపు తీసేశారు. దాని బదులు కాన్పుల్లో వచ్చే ఉమ్మనీటి సంచి పొర మీద కణాలు పెంచారు. పోషణకు పశువుల సీరం బదులు మరీజ్ సొంత రక్తపు సీరం వాడారు. 2011లో పదేళ్ల లెక్క ప్రచురించారు. 200 మంది, 71 శాతం సఫలం. ఇటలీ లెక్కకు దగ్గరే.

మరుసటి ఏడాది, 2012లో, సంగ్వాన్, సయాన్ బసు, ఇంగ్లండ్‌కు చెందిన షీలా మెక్‌నీల్, మన ప్రొఫెసర్ డి. బాలసుబ్రహ్మణ్యన్ కలిసి ఒక చిన్న మకాలా రాశారు. మొత్తం ఆరుగురు మరీజులే. అందులో ప్రయోగశాలే లేదు. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. అక్కడే, ఆపరేషన్ టేబుల్ మీదే, దాన్ని ఎనిమిది పది తునకలుగా కోస్తారు. కాలిన కంటి మీది తెల్ల పొరను ఒలిచి, ఉమ్మనీటి సంచి పొర కప్పి, దాని మీద ఈ తునకలను జిగురుతో అక్కడక్కడ అంటిస్తారు. నారు నాటినట్టే. కణాలు గిన్నెలో కాకుండా కంట్లోనే పెరిగి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఒకే ఆపరేషన్, ఒకే రోజు. దీన్ని స్లెట్ అంటారు. 2016లో 125 మంది ఫలితాలు వచ్చాయి, దాదాపు సగం మంది పిల్లలే. 95 మందికి, అంటే 76 శాతానికి, నిలిచింది.

నా దృష్టిలో గ్రీన్ ఫెహ్రిస్త్‌కు ఇదే అసలైన తరువాయి. ఆయన కణాలను ఒంటి బయట పెంచడం నేర్పాడు. ఆ ఇల్మ్ లేకపోతే లింబస్‌లో ఏముందో, ఎంత చిన్న ముక్క సరిపోతుందో తెలిసేదే కాదు. అది తెలిశాక, బయట పెంచాల్సిన పని లేదని హైదరాబాద్‌లో తేల్చారు. గిన్నెల్లో నలభై ఏళ్లు పెంచింది వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రెండు సంగతులు ఇంటి పెద్దలకు చెప్పాలి. మా బంధువుల్లో ఒకాయనకు రెటీనా జబ్బు. రాత్రిళ్లు చూపు ఉండదు, పగలు కూడా గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఎవరో మూలకణాల ఇంజెక్షన్‌తో నయమవుతుందని చెబితే ఒక క్లినిక్‌లో ప్లాట్ అమ్మిన డబ్బు పోసొచ్చాడు. బీనాయీ రాలేదు, డబ్బూ రాలేదు. నేను ఇప్పటిదాకా చెప్పిన ఇలాజ్ కార్నియా పైపొరకు, లింబస్ పోయిన కంటికి మాత్రమే. గ్లాకోమాకు కాదు, రెటీనాకు కాదు, పుట్టుకతో నరం దెబ్బతిన్న కంటికి కాదు. స్లెట్ కూడా ఒక కన్ను బాగున్నవాళ్లకే. రెండు కళ్లూ కాలినవాళ్లకు రక్తబంధువు కంటి నుంచి తీయాల్సి వస్తుంది, అప్పుడు ఒళ్లు దాన్ని తోసిపుచ్చకుండా మందులు వాడుతూ ఉండాలి, ఆ దారి కష్టం. "మూలకణాలు" అన్న మాట వినబడగానే ఏ పొరకు, ఎన్ని కేసులు చేశారు, ఎక్కడ ప్రచురించారు అని అడగండి. ప్రచురించినవాడు చూపిస్తాడు.

ఇక చునా. ఎవరి కంట్లో పడినా డాక్టర్ కోసం పరుగెత్తే ముందు నీళ్లు. నల్లా కింద, బకెట్ నీళ్లతో, బాటిల్ నీళ్లతో, ఏది దగ్గరుంటే దానితో, పిల్లాడు ఎంత ఏడ్చినా రెప్పలు విప్పి పట్టుకుని కనీసం అరగంట కడగండి. నిమ్మరసం, పాలు, నెయ్యి, సుర్మా ఏదీ వద్దు. కడిగాక అదే గంటలో కంటి దవాఖానాకు పొండి, దారిలో కూడా నీళ్లు పోస్తూనే ఉండండి. అక్కడ పై రెప్పను తిరగేసి చూడమని గుర్తుచేయండి, సున్నం పలుకులు దాని కిందే దాక్కుంటాయి.